నొక్కి లాగడం, నొక్కుతూ లాగడం



వ్యాను డ్యాష్‌బోర్డును ఇంటి ముంగిట విప్పి మరల బిగించడాన్ని గురించి తెలుగు బోధించే వాడొకడు వ్రాయవలసిన అవసరమేమిటని మీరు అడుగవచ్చు. అడగడం న్యాయమే. మన పిల్లలకు తెలుగు దేనికి పనికివస్తుందన్న ప్రశ్నకు మనం సాధారణంగా చెప్పే జవాబులు మూడు. అది తల్లిభాష గనుక. దాని సాహిత్యం గొప్పది గనుక. పెద్దల ఆచారాలు మరువకుండా ఉండడానికి గనుక. ఈ మూడూ నిజమే. అయితే హోసూరు, బాగలూరు, తళి వైపు పల్లెలలో బిడ్డను ఏ బడిలో వేయాలా అని రాత్రిపూట లెక్కలు వేసుకునే తండ్రికి ఈ మూడు జవాబులూ చాలడం లేదు. ఈ భాషతో ఒక పని జరుగుతుందా అన్నది అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు నాకు దొరికిన ఒక చిన్న జవాబును మీ ముందుంచుతున్నాను.

యానాంలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో ఉన్న మిత్రులకు మా పరిస్థితి కొంత చెప్పాలి. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చి, 2015-16 విద్యాసంవత్సరంలో పదవ తరగతికి చేరింది. ఇరుగుపొరుగు భాష నేర్చుకోవడం మా ప్రాంతంలో ఎవరికీ భారం కాదు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే సంతలో వినిపించే సీమ ఇది. భారమల్లా తెలుగు మాధ్యమంలో చదివితే బిడ్డ రెంటికీ చెడుతుందేమోనన్న అనుమానం. ఆ అనుమానం మొలకెత్తిన ఇంట్లో చిన్న అసౌకర్యమైనా చాలు, బిడ్డ బడి మారిపోతుంది.

మా బడికి మూడు పల్లెల నుండి ఎనిమిదిమంది పిల్లలు ఒక పాత మారుతి ఆమ్ని వ్యానులో వచ్చేవారు. 1984లో మారుతి వ్యాను అన్న పేరుతో మొదలై, 1988లో ఆమ్ని అయి, 2019లో తయారీ నిలిచిపోయిన బండి అది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను ముందు సీట్ల క్రింద ఉంటుంది. ప్రక్క తలుపులు జరుగుతాయి. దేశమంతటా ఎన్ని బడులకు పిల్లలను మోసిందో లెక్క చెప్పలేము.

2017 సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం ఆ బండి ముందు దీపాలు ఆరిపోయాయి. హారను మూగబోయింది. డ్యాష్‌బోర్డు వెనుక నుండి కాలిన వాసన వచ్చింది. సోమవారం నుండి త్రైమాసిక పరీక్షలు. పట్టణంలో చూపిస్తే, తీగలను ఎలుకలు కొరికాయి, డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి, వారం రోజులు బండి ఇక్కడే ఉండాలి అన్నారు. వారం అన్న మాట వినగానే నాకు గుండె జారింది. ఆ ఎనిమిదిమందిలో ఇద్దరి తల్లిదండ్రులు అప్పటికే, మా వీధి చివరికి ఇంగ్లీషు బడి బస్సు వస్తోంది సార్, అని రెండుసార్లు అని ఉన్నారు. పరీక్షల వారంలో బండి రాకపోతే మూడవసారి అనవలసిన పని ఉండదు.

బండి నడిపే ఆయన బెంగళూరులో ఒక షెడ్డులో ఆరేళ్ళు పనిచేసిన మనిషి. ఆయన నాతో అన్నది ఇది: “దించేది నాకు చేతనౌతుంది అయ్యోరా. మళ్ళా ఎక్కించేదే భయం. యాడ ఏది తీసినామో రాసి పెట్టేవాళ్ళుంటే ఈ రెండు దినాల్లో చేసేస్తాను.”

వ్రాసే పనికి ఆయన కూతురు కూర్చుంది. మా బడిలోనే ఎనిమిదవ తరగతి. చెప్పి వ్రాయించే పని నాది. కొలతలు, దారాలు, గుడ్డ టేపులు తెలిసిన కుట్టుపని ఆమె తల్లిది. శనివారం ఉదయం ఇంటి ముందు వేపచెట్టు క్రింద పని మొదలైంది. మొదటి ప్రశ్న అమ్మాయే వేసింది. “సార్, డ్యాష్‌బోర్డుకు తెలుగులో ఏమని రాయాలి?” డ్యాష్‌బోర్డు అనే వ్రాయమన్నాను. ఆ మాట గుర్రపు బండి కాలం నాటిది. గుర్రపు డెక్కలు చిమ్మే బురద లోపలివారి మీద పడకుండా బండి ముందు నిలిపిన అడ్డుపలకకు ఇంగ్లీషువారు పెట్టుకున్న పేరు. గుర్రం పోయింది, బురద పోయింది, పలక అర్థం మారింది, మాట మిగిలింది. ఒక మాట అంత దూరం ప్రయాణం చేసి మన ముంగిటికి వస్తే దానిని వెళ్ళగొట్టడం మన పని కాదని ఆమెకు చెప్పాను. పానా, సుత్తి, పట్టకారు మనకున్నాయి. స్క్రూ, బోల్టు, ఫ్యూజు అరువు తెచ్చుకున్నాము. అరువు తెచ్చుకోలేనివి వేరే ఉన్నాయని అప్పటికి నాకూ స్పష్టంగా తోచలేదు.

పని వరుస చెబుతాను. మీలో ఎవరికైనా ఉపయోగపడవచ్చు.

మొదట బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. దానిని విప్పకుండా డ్యాష్‌బోర్డు లోపల వ్రేలు పెట్టరాదు. తరువాత ఫోనుతో అన్ని వైపుల నుండి బొమ్మలు తీసుకోవాలి. స్టీరింగు చక్రం నడుమ ఉన్న హారను మూతను తీస్తే క్రింద ఒక పెద్ద నట్టు కనబడుతుంది. దానిని సడలించాలి గాని పూర్తిగా తీయరాదు. రెండు మరలు పట్టి ఉండగానే చక్రాన్ని కదిలించాలి. నట్టు పూర్తిగా తీసి బలంగా లాగితే చక్రం ఒక్కసారిగా ఊడి ముఖానికి తగులుతుంది. చక్రం తీసే ముందు దాని మీద, కడ్డీ మీద కలిసేటట్లు ఒక గీత గీయాలి. ఆ గీత లేకపోతే బండి తిన్నగా పోతున్నప్పుడు చక్రం వంకరగా నిలుస్తుంది.

ఆ తరువాత స్టీరింగు కడ్డీ మీది తొడుగు. దాని స్క్రూలు క్రింది నుండి ఉంటాయి. తరువాత వేగం చూపే మీటరు పెట్టె. పాత బండ్లలో దాని వెనుక గేర్‌బాక్సు నుండి వచ్చే కేబులు ఒకటి ఉంటుంది. దాని కొనను చేత్తో తడిమి పట్టుకొని, పట్టీని నొక్కుతూ వెనుకకు లాగాలి. ఆపైన స్విచ్చులు, సామాను పెట్టుకునే అర. చివరికి అడుగున, ప్రక్కల, అద్దం వెంబడి ఉన్న బోల్టులు. వీటికి పది, పన్నెండు నంబరు పానాలు సాధారణంగా చాలుతాయి. కొన్ని స్క్రూలు చిన్న ప్లాస్టిక్ మూతల చాటున దాగి ఉంటాయి. డ్యాష్‌బోర్డు రాలేదంటే ఎక్కడో ఒక స్క్రూ మిగిలి ఉందని అర్థం గాని మన బలం చాలలేదని కాదు. బలం పెట్టిన చోట ప్లాస్టిక్ పగులుతుంది.

తీసిన ప్రతి స్క్రూను ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి, తీసిన చోటనే గుచ్చాము. ప్రతి తీగ కొనకు తెల్లటి టేపు చుట్టి అంకె వేశాము. అమ్మాయి నోటు పుస్తకంలో అదే అంకె, దాని ప్రక్కన ఒక వాక్యం. ముప్పై ఎనిమిది వాక్యాలైనాయి.

ఇక్కడే నేను మీకు చెప్పదలచిన విషయం మొదలవుతుంది. తీగల కొనలను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్లకు ఒక నాలుక ఉంటుంది. అమ్మాయి మొదట ఇలా వ్రాసింది: “నాలుకను నొక్కి లాగాలి.” తండ్రి చదివించుకొని ఒప్పుకోలేదు. “నొక్కి లాగితే ఇరిగిపోతుంది బిడ్డా. నొక్కి చెయ్యి తీసి లాగుతారు చూడు, అప్పుడే ఇరిగేది. నొక్కతానే లాగాల.” అమ్మాయి కొట్టివేసి, “నాలుకను నొక్కుతూ లాగాలి” అని దిద్దింది.

మిత్రులారా, ముప్పై ఏళ్ళుగా క్త్వార్థకమనీ శత్రర్థకమనీ నల్లబల్ల మీద వ్రాస్తున్నవాడిని. ఒక పని ముగిసిన పిమ్మట రెండవది జరిగితే క్త్వార్థకం. రెండూ ఒకే సమయంలో జరిగితే శత్రర్థకం. “రాముడు అన్నం తిని బడికి వెళ్ళాడు”, “సీత పాడుతూ నడిచింది” అనే ఉదాహరణలతో కాలం గడుపుతాము. రాముడు తినకుండా వెళ్ళినా, సీత పాడకుండా నడిచినా ఆ వాక్యాల వలన ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ మాత్రం ఆ రెండు రూపాల నడుమ విరిగిన కనెక్టరు ఉంది. ఆ తేడా వ్యాకరణం చదవని ఆ తండ్రికి తెలుసు. వ్యాకరణం చదివిన కూతురికి ఆ క్షణంలో తెలిసింది.

అప్పటి నుండి ఆ నోటు పుస్తకాన్ని వేరే కంటితో చూశాను. “నెగటివ్ తీగ విప్పి, తరువాత హారను మూత తీయాలి” – ఇది వరుస, క్త్వార్థకం. “లాగితే పగులుతుంది” – ఇది హెచ్చరిక, చేదర్థకం. “ఎంత తిప్పినా రాకపోతే వెనుక చూడాలి” – ఇది అప్యర్థకం. “విప్పకుండా ముట్టరాదు” – ఇది వ్యతిరేక క్త్వార్థకం. స్క్రూ, బోల్టు, కనెక్టరు ఏ భాష నుండి వచ్చినా, వాటిని కదిలించేది మాత్రం విప్పు, సడలించు, తడుము, నొక్కు, లాగు, గుచ్చు, దించు, ఎత్తు, అమర్చు, బిగించు అన్న క్రియలే. నామవాచకాలను ఎంతమంది దగ్గరనైనా అరువు తెచ్చుకోవచ్చు. పని నడిచే వరుస, షరతు, హెచ్చరిక మన క్రియల చివరలలో ఉన్నాయి. పిల్లవాడు “స్క్రూ” అన్నందుకు మనం నొచ్చుకుంటాము. “లాగి”, “లాగుతూ”, “లాగితే”, “లాగినా” అన్నవాటి తేడా వానికి జారిపోతున్నప్పుడు గమనించము. పోగొట్టుకొంటున్నది రెండవది.

మధ్యాహ్నానికి డ్యాష్‌బోర్డు క్రిందికి దిగింది. ఇద్దరు చెరొక కొన పట్టుకుంటే గాని దింపలేము. వెనుక ఎలుకల గూడు. గుడ్డపీలికలు, చిరిగిన నోటు కాగితాలు, పిల్లలు తినగా రాలిన బిస్కట్ల పొడి. అయిదు తీగలు తెగి ఉన్నాయి. రెండింటి రాగి ఒకదానికొకటి తగిలి నల్లబడింది. ఒక్కసారిగా అన్నీ కోసి కలపరాదు. ఒక తీగను కలిపి ముగించిన తరువాతనే రెండవదాన్ని ముట్టాలి. రంగు మీద గీత ఉంటే ఆ గీత రంగు కూడా కలవాలి. నలుపు, నలుపు మీద పసుపు గీత రెండు వేరు తీగలు. వేడికి ముడుచుకొనే గొట్టాన్ని తీగకు తొడిగిన తరువాతనే కొనలు కలపాలి. కలిపిన తరువాత అది ఎక్కదు. అతుకులన్నీ ఒకే చోట పడకుండా హెచ్చుతగ్గులుగా వేయాలి. ఆ తల్లి కుట్టుపని చేతులతో చుట్టిన గుడ్డ టేపు మా అందరి పనికన్నా చక్కగా నిలిచింది. ఫ్యూజులను పాత అంకెకు మించి వేయరాదు. పలక ఫ్యూజులలో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. పోయిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టడం పిల్లలెక్కే బండికి నిప్పు పెట్టడంతో సమానం.

ఆదివారం ఉదయం డ్యాష్‌బోర్డును ఎక్కించక ముందే, మీటరు పెట్టెను, స్విచ్చులను తీగలకు తగిలించి, బ్యాటరీ కలిపి పరీక్షించాము. హారను మోగింది. ముందు దీపాలు వెలిగాయి. కాని ఎడమవైపు ఇండికేటరు వేస్తే మీటరు పెట్టెలోని ఇతర దీపాలు కూడా మసకమసకగా మిణుకుతున్నాయి. తండ్రి మరల తీగలన్నీ విప్పబోయాడు. అమ్మాయి పుస్తకాన్ని చివరి నుండి వెనుకకు చదువుతూ, తగిలించినవాటికి టిక్కు పెడుతూ వస్తోంది. “నాయనా, పద్నాలుగుకు టిక్కు లేదు” అంది. పద్నాలుగవ వాక్యం: “మీటరు వెనుక నల్ల తీగను ఇనుప పట్టీ నుండి విప్పాలి.” అది ఎర్తు తీగ. ఇనుపపట్టీకి బిగించగానే మిణుకు పోయింది. ఒక్క వాక్యం పూర్తి అర్థంతో వ్రాసి ఉండడం వలన సగం పూట పని మిగిలింది.

బిగించేటప్పుడు వరుస తారుమారవుతుంది. చివర తీసినది మొదట. బోల్టులన్నిటినీ ముందు చేత్తో రెండేసి చుట్లు తిప్పి వదలాలి. అన్ని రంధ్రాలూ కుదిరిన తరువాతనే నడుమ నుండి ప్రక్కలకు బిగించుకుంటూ పోవాలి. ఒకదాన్ని ముందే గట్టిగా బిగిస్తే మిగిలినవాటి రంధ్రాలు కలవవు. ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూను ముందు వెనుకకు తిప్పాలి; పాత మరలో టక్కున కూర్చున్నట్లు తెలిసిన తరువాత ముందుకు తిప్పాలి. లేకపోతే కొత్త మర తొలుచుకొని పట్టు పోతుంది. పొడవు స్క్రూ ఉండవలసిన చోట పొట్టిది, పొట్టిదాని చోట పొడవుది పడరాదు. నెగటివ్ తీగ అన్నిటికన్నా చివర. ఆదివారం దీపాలు పెట్టే వేళకు అట్టముక్క మీద ఒక్క స్క్రూ కూడా మిగలలేదు.

ఒక హెచ్చరిక తప్పక చెప్పాలి. ఆ బండిలో ఎయిర్‌బ్యాగు లేదు గనుక ఈ పని ఇంటి ముంగిట సాధ్యమైంది. మన దేశంలో 2019 జూలై 1 నుండి కొత్తగా అమ్మే కార్లు, వ్యాన్లలో నడిపేవారి ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అటువంటి బండి స్టీరింగును, డ్యాష్‌బోర్డును తెలియనివారు విప్పరాదు. అది పేలితే ప్రాణానికి ముప్పు.

సోమవారం ఉదయం వ్యాను వచ్చింది. ఎనిమిదిమందీ పరీక్ష వ్రాశారు. ఆ రెండు కుటుంబాలలో ఒకరు ఆ ఏడాది ఆగి, మరుసటి జూనులో బిడ్డను మార్చారు. రెండవవారి బిడ్డ మా దగ్గరే పదవ తరగతి ముగించింది. వ్యాను బాగుపడినందుకు తెలుగు మాధ్యమం బాగుపడిందని నేను చెప్పబోవడం లేదు. దారి ఖర్చులు, దగ్గరి బడి, రేపటి ఉద్యోగం – తల్లిదండ్రుల లెక్కలలో న్యాయముంది. కాని ఆ నోటు పుస్తకం చదివిన తండ్రులెవరూ “తెలుగు దేనికి” అని నన్ను మళ్ళీ అడగలేదు. డ్యాష్‌బోర్డు విప్పడానికి తెలుగులో వ్రాసిన కాగితం మాకు ఎక్కడా దొరకలేదు. ఎనిమిదవ తరగతి పిల్ల వ్రాసినదే మాకు ఆధారమైంది.

ఈ అనుభవం వలన నా పాఠం ఒకటి మారింది. పద్యాన్ని చెప్పేటప్పుడు పదవిభాగం చేస్తాము, అన్వయం కుదుర్చుతాము, ప్రతిపదార్థం వ్రాయిస్తాము, తాత్పర్యంతో ముగిస్తాము. అంటే విప్పిన స్క్రూలను బల్ల మీద పెట్టి గంట కొట్టించుకొని వెళ్ళిపోతున్నాము. ఇప్పుడు తాత్పర్యం తరువాత పది నిమిషాలు ఉంచి, పద్యాన్ని మరల మొత్తంగా, సంధులు కలిపి, యతి తెగకుండా పిల్లల చేత చదివిస్తున్నాను. విప్పిన వస్తువు మళ్ళీ నడిస్తేనే విప్పడం నేర్చినట్లు.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి. అసమాపక క్రియల పాఠం వచ్చినప్పుడు రామునీ సీతనూ కొంత విశ్రాంతి తీసుకోనివ్వండి. మగ్గం ఉన్న ఇంటి పిల్లను మగ్గం నడకను, పడవ ఉన్న ఇంటి పిల్లవాణ్ణి వల వేయడాన్ని, ఫ్యాక్టరీకి పోయే తండ్రి ఉన్న పిల్లను సైకిలు చైను ఎక్కించడాన్ని వ్రాయమనండి. వస్తువుల పేర్లు కన్నడంలో, ఒడియాలో, మరాఠీలో ఉన్నా దిద్దవద్దు. క్రియల చివరలు మాత్రం ఒక్కొక్కటీ దిద్దండి. వ్రాసినదాన్ని వేరొక పిల్లవాని చేతికిచ్చి, ఆ మాటల ప్రకారమే పని చేసి చూపమనండి. పని ఆగిన చోట తప్పు ఎక్కడుందో పిల్లలే చెబుతారు.

తల్లిదండ్రులకు మనవి ఇంకా చిన్నది. ఇంట్లో ఏదైనా విప్పేటప్పుడు బిడ్డను దూరంగా పొమ్మనకండి. ప్రక్కన కూర్చోబెట్టి ఒక పుస్తకం, ఒక పెన్సిలు ఇవ్వండి. మీరు చేతితో చేసేది బిడ్డ తెలుగులో వ్రాయాలి. వ్రాసింది మీకు చదివి వినిపించాలి. అది సరిగా లేకపోతే, ఆ తండ్రి అన్నట్లే మీరూ అనండి: నొక్కి కాదు బిడ్డా, నొక్కుతూ.